పందొమ్మిదేండ్ల గడువు

(ప్రపంచ జూనియర్ స్క్వాష్ పోటీలను గూర్చి పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలలో విద్యను గూర్చియు, వినయమును గూర్చియు ప్రసంగించుట వాడుక. ఈ యేడు కార్యవర్గమువారు ఆటలను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని మమ్ము కోరిరి. ఆటలన్నింటిని గూర్చి చెప్పబూనినచో దేనిని గూర్చియు చెప్పనట్లే యగును. కనుక ఒక్క ఆటను, ఆ ఆటలో మీ యీడు పిల్లలకై జరుగు ఒక్క పోటీని ఎన్నుకొంటిమి. ఆ పోటీ మన చెన్నపట్టణమున మూడుమారులు జరిగినది. అయినను ఈ సభలో దాని పేరు విన్నవారు కొలదిమందియే యుందురని మా యూహ. అది ప్రపంచ జూనియర్ స్క్వాష్ పోటీ.

స్క్వాష్ అనగానే మన పిల్లలకు వేసవిలో సీసానుండి గ్లాసులో పోసి నీరు కలిపి యిచ్చు నారింజరసము జ్ఞప్తికి వచ్చును. మేము చెప్పబోవునది అది కాదు. ఇది నాలుగు గోడల నడుమ ఇద్దరు ఆడు ఆట. ఆ గదిని కోర్టు అందురు. దాని పొడవు 9.75 మీటర్లు, వెడల్పు 6.4 మీటర్లు. టెన్నిసునందువలె ఇద్దరి నడుమ వల యుండదు. ఆటగాండ్రిరువురును ఒకే దిక్కునకు, ఎదుటి గోడవైపునకు తిరిగి నిలుతురు. ఒకరు కొట్టిన బంతి ఎదుటి గోడను తాకి తిరిగి వచ్చి, నేలపై రెండవమారు పడకముందే రెండవవారు దానిని కొట్టవలెను. గోడ అడుగున ఒక రేకు కలదు. బంతి దానిని తాకినచో ఆ పాయింటు పోయినట్లే. 11 పాయింట్లకు ఒక గేము. ఐదు గేములలో మూడు గెలిచినవారు విజేతలు. బంతి బరువు సుమారు 24 గ్రాములు మాత్రమే. అది చల్లగా నున్నప్పుడు సరిగా ఎగురదు. కొట్టి కొట్టి వేడి చేసిన పిమ్మటనే దానికి ప్రాణము వచ్చును.

ఈ యాట పుట్టినది రాజమందిరములో కాదు, ఒక పాఠశాలలో. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఇంగ్లండులోని హారో పాఠశాల విద్యార్థులు రాకెట్స్ అను వేరొక ఆటకై తమ వంతు వచ్చువరకు వేచియుండుచు, నొక్కిన నలిగెడు మెత్తని బంతిని గోడలకు కొట్టుచు కాలక్షేపము చేసెడివారు. ఆ కాలక్షేపమే ఆట యైనది. ఆ నలుగుటయే దానికి పేరైనది. 1864లో ఆ పాఠశాలలోనే ఈ యాటకు ప్రత్యేకముగా కోర్టులు కట్టిరి. అదే హారోలో 1905లో చేరి జవహర్లాల్ నెహ్రూ రెండేండ్లు చదివెను. నేడు మన నగరమున పూనమల్లి హైరోడ్డుమీద నెహ్రూ పార్కులోనే స్క్వాష్ అకాడమి యుండుట ఒక చక్కని యాదృచ్ఛికము. మన పిల్లలలో పలువురు బస్సులోనో, మెట్రో రైలులోనో నిత్యము దాని ప్రక్కగనే పోవుచున్నారు.

ఇక పోటీ సంగతి. ప్రపంచ జూనియర్ పోటీలు బాలురకు 1980లోను, బాలికలకు 1981లోను మొదలైనవి. చాలకాలము బాలురకు సరి సంవత్సరములలోను, బాలికలకు బేసి సంవత్సరములలోను జరుగుచుండెడివి. 2009 మొదలుకొని వ్యక్తిగత పోటీలు ఇరువురకును ఒకే యేట, ఏటేట జరుగునట్లు ఏర్పాటైనది. ఈ పోటీకి ముఖ్యమైన నియమము ఒక్కటే. పందొమ్మిదేండ్లు నిండనివారు మాత్రమే ఆడవలెను. ధనమున్నను, పలుకుబడి యున్నను, ఎంత నేర్పున్నను, ఆ గడువు దాటినవారికి ఆ తలుపు తెరువబడదు. ఈ నియమమునే మీరు మనసున నుంచుకొనవలెనని మా ప్రార్థన. మేము చెప్పదలచినదంతయు దీనిలోనే యున్నది.

మొదట మన నగరమున జరిగిన పోటీలను జ్ఞప్తికి తెచ్చుకొందము. 2002లో బాలుర పోటీ చెన్నైలో జరిగెను. ఇంగ్లండు బాలుడు జేమ్స్ విల్‌స్ట్రాప్ గెలిచెను. ఇతని తండ్రి మాల్కమ్ యార్క్‌షైర్ ప్రాంతమున పాంటిఫ్రాక్ట్ అను చిన్న పట్టణమున పిల్లలకు ఈ యాట నేర్పు గురువు. మహానగరములకు దూరమైన ఆ యూరి క్లబ్బునుండి పలువురు గొప్ప ఆటగాండ్రు వచ్చిరి. చెన్నైలో గెలిచిన ఆ బాలుడు పదేండ్లు కష్టపడి 2012లో పెద్దలలో ప్రపంచమున మొదటి స్థానమునకు చేరెను. పెద్దల ప్రపంచ పోటీని మాత్రము అతడు ఎన్నడును గెలువలేదు. అయినను ఆట విడువలేదు. 2018లో కామన్‌వెల్త్ క్రీడలలో స్వర్ణపతకము పొందెను.

2009లో మరల చెన్నైలోనే పోటీ జరిగెను. బాలురలో ఈజిప్టుకు చెందిన మొహమ్మద్ ఎల్‌షోర్బగీ వరుసగా రెండవమారు గెలిచెను. బాలికలలో గెలిచిన నూర్ ఎల్‌షెర్బీనీ వయస్సు ఎంతయో మీరు ఊహింపగలరా? పదమూడేండ్లు. మన పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువు బాలిక యీడు. అంత చిన్న వయస్సున ఈ కిరీటమును ధరించినవారు అంతకు ముందు లేరు. ఆమె 2012లోను, 2013లోను మరల గెలిచెను. పెద్దదైన పిమ్మట 2016 మొదలుకొని 2025 వరకు ఎనిమిదిమారులు ప్రపంచ విజేత యయ్యెను. ఆ ప్రయాణమున తొలి ప్రపంచ కిరీటము మన నగరమున లభించినది.

మూడవమారు 2018లో. అప్పుడు బాలురలో మొస్తఫా అసల్, బాలికలలో రోవన్ ఎలరబీ గెలిచిరి. ఇరువురును ఈజిప్టువారే. అసల్ మరుసటి యేడు కౌలాలంపూరులో మరల గెలిచి, 2025లో పెద్దల ప్రపంచ కిరీటమును గూడ పొందెను.

ఈ పోటీ విజేతల పట్టికను మొదటినుండి చదివినచో అందు రెండు మూడు విషయములు కనబడును.

మొదటిది: ఈ కిరీటము ఏ యొక్క దేశపు సొత్తును కాదు. 1982లో సింగపూరున పాకిస్తాను బాలుడు సొహైల్ కైసర్ గెలిచెను. 1986లో బ్రిస్బేనున జాన్‌షేర్ ఖాన్ గెలిచెను. ఇతడు పెషావరు చెంత నవాకిల్లి అను పల్లెకు చెందినవాడు. ఆ పల్లెవాడే యగు హషీం ఖాన్ చిన్ననాట ఆంగ్ల సైనికాధికారుల క్లబ్బులో బంతులు ఏరి యిచ్చు పని చేసి, పైకప్పు లేని కోర్టులలో వట్టి కాళ్లతో ఆట నేర్చి, 1951లో బ్రిటిష్ ఓపెన్ గెలిచెను. అట్టి పల్లెనుండి వచ్చిన జాన్‌షేర్ జూనియర్ కిరీటము పొందిన మరుసటి యేడే పెద్దల ప్రపంచ విజేత యయ్యెను. ఆ గౌరవమును మొత్తము ఎనిమిదిమారులు పొందెను. అయినను అతని పిమ్మట ముప్పదియేడేండ్లు ఆ దేశపు బాలుడెవ్వడును ఈ జూనియర్ కిరీటమును గెలువలేకపోయెను. 2023లో మెల్బోర్నులో హంజా ఖాన్ గెలిచి ఆ కొరత తీర్చెను. ఒక తరము సాధించిన కీర్తి తరువాతి తరమునకు దానంతటది సంక్రమింపదు. ప్రతి తరమును మొదటినుండి నేర్చుకొనవలసినదే.

మలేషియా దేశమున పెనాంగ్ అను చిన్న ద్వీపము కలదు. అచటి బాలుడు ఆంగ్ బెంగ్ హీ 1998లో అమెరికాలోని ప్రిన్స్‌టనులో గెలిచెను. అచటి బాలిక నికోల్ డేవిడ్ 1999లో బెల్జియములో గెలిచి, 2001లో తన స్వస్థలమైన పెనాంగులోనే రెండవమారు గెలిచెను. తరువాత ఆమె ఎనిమిదిమారులు పెద్దల ప్రపంచ విజేతయై, 2006 మొదలుకొని 2015 వరకు వరుసగా 108 నెలలు మొదటి స్థానమును విడువలేదు. 2014, 2015 సంవత్సరములలో దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు బాలుడు డియేగో ఎలియాస్ గెలిచెను. అతని తండ్రియే అతని తొలి గురువు. అతడు 2024లో కైరోలో పెద్దల కిరీటమును గెలిచి, ఆ గౌరవము పొందిన మొదటి దక్షిణ అమెరికావాడయ్యెను.

రెండవది: విజేతలు ఆకాశమునుండి ఊడిపడలేదు, గుంపులు గుంపులుగా ఒక్కొక్క చోటినుండి వచ్చిరి. ఈజిప్టును చూడుడు. 1994లో అహమ్మద్ బరాదా, 1996లో అహమ్మద్ ఫైజీ, 2000లో కరీం దర్వీష్, 2004, 2006లలో రామీ అషూర్ గెలిచిరి. బాలికలలో 2003లో ఓమ్నియా అబ్దెల్ కవీ, 2005, 2007లలో రనీం ఎల్‌వెలీలీ గెలిచిరి. 2022 మొదలుకొని 2025 వరకు అమీనా ఓర్ఫీ వరుసగా నాలుగుమారులు గెలిచెను. ఇంతకు మున్ను నాలుగుమారులు గెలిచినవారు బాలురలోను, బాలికలలోను లేరు. ఈ ఆటగాండ్రలో పెక్కుమంది కైరో, అలెగ్జాండ్రియా అను రెండు నగరములలోని క్లబ్బులనుండి వచ్చినవారే. ఆ క్లబ్బులలో కోర్టులు ప్రక్కప్రక్కన నుండును. ప్రపంచ విజేత ఒక కోర్టులో అభ్యాసము చేయుచుండగా పదేండ్ల బాలుడు ప్రక్క కోర్టులో ఆడుచుండును. మహావీరుని ఆటను బాలుడు పత్రికలో చదువడు, కంటితో చూచును. రేపు తానును అట్లు ఆడవచ్చునని నమ్మును. 1996లో పిరమిడుల యెదుట గాజుగోడల కోర్టు నిలిపి గొప్ప పోటీ ఆడించినప్పటినుండి ఆ దేశమున ఈ యాటకు ఆదరము మరింత పెరిగెను.

మొహమ్మద్ ఎల్‌షోర్బగీ 2008, 2009లలోను, అతని తమ్ముడు మర్వాన్ 2011, 2012లలోను గెలిచిరి. ఒక తల్లి కన్న ఇద్దరు బిడ్డలు నాలుగు ప్రపంచ కిరీటములు ఇంటికి తెచ్చిరి. పెద్దవాడు పదునైదేండ్ల వయస్సుననే ఇల్లు విడిచి ఇంగ్లండులోని మిల్‌ఫీల్డ్ పాఠశాలలో చేరి, చదువుతోపాటు ప్రసిద్ధ క్రీడాకారుడు జోనా బారింగ్టన్ యొద్ద ఆట నేర్చెను. ఆ తల్లి మనస్సు ఎంత తల్లడిల్లి యుండునో తల్లులకు మేము చెప్పవలసిన పని లేదు.

మూడవది, మిక్కిలి ముఖ్యమైనది: బాల్యమున గెలుపొందనివారి కథ అంతటితో ముగియదు. ఈజిప్టుకు చెందిన అలీ ఫరగ్ పేరు ఈ జూనియర్ విజేతల పట్టికలో లేదు. అతడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రము చదివి 2014లో పట్టము పొందెను. పట్టము చేతికి వచ్చిన పిమ్మట పూర్తిగా ఆటలోనికి దిగి నాలుగుమారులు ప్రపంచ విజేత యయ్యెను. ఆట ఆడినచో చదువు పాడగునను తల్లిదండ్రులు ఈ పేరును వ్రాసియుంచుకొనవలెను. అట్లే జూనియర్ కిరీటము గెలిచినవారందరును పెద్దలలో విజేతలు కాలేదు. 1992లో హాంగ్‌కాంగులో గెలిచిన ఫిన్లండు బాలుడు యుహా రౌమోలిన్ పెద్దల ప్రపంచ కిరీటమును పొందలేదు. అంతమాత్రమున ఆనాటి గెలుపు వ్యర్థమా? కాదు. అది అతని బాల్యమునకు నిండు పంట.

మన దేశపు బిడ్డల సంగతి చెప్పకపోయినచో మాట అసంపూర్ణమగును. 2005లో బెల్జియములోని హెరెంటల్సులో బాలికల పోటీ జరిగినప్పుడు మన చెన్నై బాలిక జోష్నా చిన్నప్ప తుదిపోటీ వరకు చేరి, రనీం ఎల్‌వెలీలీ చేతిలో ఓడెను. ప్రపంచ జూనియర్ కిరీటము ఒక్క మెట్టు దూరమున నిలిచిపోయెను. అదే సంవత్సరము ఇంగ్లండులో జరుగు బ్రిటిష్ జూనియర్ ఓపెన్ పందొమ్మిదేండ్ల లోపు విభాగమున ఆమె విజేత. అంతకు ముందటి యేడు ఆ పోటీలోనే బాలుర విభాగమున, కలకత్తాలో పుట్టి చెన్నైలో అభ్యాసము చేసిన సౌరవ్ ఘోషాల్ గెలిచి, ఆ గౌరవము పొందిన మొదటి భారతీయుడయ్యెను. హెరెంటల్సులో ఓడిన జోష్న ఏమి చేసెను? రాకెట్టును అటకమీద పెట్టలేదు. 2017లో చెన్నైలోనే ఆసియా విజేత యయ్యెను. 2022లో దీపికా పల్లికల్‌తో కూడి మహిళల జంట ఆటలో ప్రపంచ విజేత యయ్యెను.

2025 జులైలో కైరోలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలో ఢిల్లీ బాలిక అనాహత్ సింగ్ కాంస్యపతకము పొందెను. అదే సంవత్సరము డిసెంబరులో మన నగరమున ఎక్స్‌ప్రెస్ అవెన్యూ అంగడి భవనములో గాజు కోర్టు నిలిపి స్క్వాష్ ప్రపంచ కప్పు ఆడించిరి. బియ్యము, బట్టలు కొనుటకు వచ్చినవారు సంచులతో నిలిచి చూడదగిన చోటు అది. మన జట్టు తుదిపోటీలో హాంగ్‌కాంగును 3–0 తో ఓడించి మొదటిమారు ఆ కప్పును గెలిచెను. ఆనాడు మన జట్టులో జోష్న వయస్సు 39. అనాహత్ వయస్సు 17. ఇరువది సంవత్సరముల మున్ను బాలికల తుదిపోటీలో ఓడిన యామెయు, నిన్న మొన్న బాలికల పోటీలో పతకము పొందిన యీమెయు ఒకే జట్టున నిలిచి గెలిచిరి. ఓటమికి ఇంతకంటె చక్కని ప్రత్యుత్తరము మాకు తెలియదు.

ఇప్పుడు మొదట చెప్పిన నియమమునకు వత్తుము. కోవిడ్ మహమ్మారి వలన 2020, 2021 సంవత్సరములలో ప్రపంచ జూనియర్ పోటీ జరుగలేదు. పోటీ మరల 2022లో ఫ్రాన్సులోని నాన్సీ నగరమున జరిగెను. కాని ఆ రెండేండ్లలో పందొమ్మిది నిండిన బాలబాలికల మాట యేమి? ఏ దేశమందో ఏ బాలికయో ఎనిమిదవ యేటినుండి తెల్లవారుజామున లేచి అభ్యాసము చేసి, ఈ యేడు నా వంతు అని కాచుకొని యుండును. ఆమె తప్పేమియు లేదు. అయినను గడువు దాటినది. పెద్దల పోటీలు ఆమెకై యున్నవి. ఈ పోటీ మాత్రము ఇక రాదు. విజేతల పట్టికలో ఆ రెండేండ్లకు ఎదురుగా పేరు లేదు. ఆ ఖాళీని చూచినప్పుడెల్ల మాకు కిరీటము పొందిన వారికంటె, పొందుటకు సందే లేకపోయిన పిల్లలే ఎక్కువగా జ్ఞప్తికి వత్తురు.

తల్లిదండ్రులారా! అది మహమ్మారి చేసిన పని, ఎవరును ఆపజాలరైరి. కాని మన ఇండ్లలో ఏ మహమ్మారియు లేకయే మనమే ఆ తలుపును మూయుచున్నాము. ఎనిమిదవ తరగతి వరకు ఆడిన పిల్లవానిని తొమ్మిదవ తరగతిలో ట్యూషనుకు పంపుదుము. పదవ తరగతి రాగానే పాఠశాలలలో ఆటల పీరియడును లెక్కల పీరియడుగా మార్చుదురు, మనము సంతోషింతుము. ఆడపిల్లల సంగతి మరియు కష్టము. సాయంకాలమైనదనియు, ఎవరేమనుకొందురో యనియు, ఇంట పని యున్నదనియు పండ్రెండేండ్లకే ఆట మాన్పింతుము. నూర్ ఎల్‌షెర్బీనీ చెన్నైకి వచ్చి ప్రపంచమును గెలిచినప్పటి వయస్సు పదమూడు. ఆ వయస్సునకు మన యింటి ఆడపిల్లలలో పలువురు పరుగెత్తుటయే మరచిపోవుచున్నారు. పరీక్షలో తప్పినవానికి మరల పరీక్ష కలదు. పదునాలుగవ యేటికి మాత్రము మరల వంతు లేదు.

మేము మిమ్ము ప్రపంచ విజేతలను కని యిండని కోరుటలేదు. స్క్వాష్ కోర్టు కట్టుటకు మన సంఘమునకు ధనము లేదని మాకు తెలియును. మేము కోరునది రెండే కోరికలు. పదవ తరగతి వరకు ఏ బిడ్డకును, ముఖ్యముగ ఏ ఆడబిడ్డకును, దినమునకు ఒక గంట ఆట తప్పింపకుడు. అది కబడ్డీ కావచ్చును, ఖోఖో కావచ్చును, బంతాట కావచ్చును. ఆడపిల్లలు చీకటి పడకముందే యిల్లు చేరుటకు సంఘమువారు పెద్దలను తోడు పంపునట్లు ఏర్పాటు చేయుదురుగాక! రెండవది: నగరమున గొప్ప పోటీ జరిగినప్పుడు పిల్లలను ఒకమారైన తీసికొనిపోయి చూపుడు. ప్రపంచపు బిడ్డలు మూడుమారులు సముద్రములు దాటి మన నగరమునకు వచ్చి ఆడి వెళ్లిరి. ఈ యూర నున్న మనము ఒక వీధి దాటి వెళ్లి చూడమైతిమి. కైరో పిల్లవాడు ప్రక్క కోర్టులో చూచినదానిని మన పిల్లలు కనీసము గాజుగోడ వెలుపలినుండియైన చూడవలెను.

బాలబాలికలారా! మీకొక్క మాట. ఈ యాట 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో మొదటిమారు చేరనున్నది. ఆ నిర్ణయము 2023లో బొంబాయి సభలో జరిగినది. అందు ఆడువారు మీలో నుందురో లేదో మాకు తెలియదు. గెలిచినచో పొంగకుడు, రౌమోలినును తలచుకొనుడు. ఓడినచో క్రుంగకుడు, జోష్నను తలచుకొనుడు. చదువు అడ్డమనినచో అలీ ఫరగును తలచుకొనుడు. చల్లని బంతి మొదటి దెబ్బకు ఎగురదు. దానిని మరల మరల కొట్టుచుండవలెను. మీ కాళ్లలో సత్తువ యున్న ఈ దినములలోనే ఆడుడు, చదువుడు, మరల ఆడుడు.